పన్ను తీయించుకోవాలంటే భయమా?

పన్ను నొప్పికన్నా పన్ను డాక్టరు కుర్చీకే హడలిపోయేవారు చాలామంది. లవంగనూనె రాసుకుంటూ నెలలు గడిపితే చీముపట్టి దవడ వాస్తుంది. భయం ఉంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి.

చిగురుకు మత్తు ఇంజక్షను ఇస్తే నొప్పి తెలియదు. బెదురు తగ్గడానికి వేరే మార్గాలున్నాయి. నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి ముక్కు ద్వారా పీల్పిస్తారు. ఆపిన కొద్ది నిమిషాల్లోనే మత్తు వదులుతుంది. 1844లో అమెరికన్ దంతవైద్యుడు హోరేస్ వెల్స్ ఈ వాయువు పీల్చే తన పన్ను తీయించుకున్నాడు. కొందరికి ముందుగా మాత్ర, మరీ భయస్తులకు నరానికి ఇంజక్షను ఇస్తారు. ఈ రెండింటికీ వెంట మనిషి ఉండాలి. ఆ రోజు వాహనం నడపరాదు.

ధైర్యం కోసం నిద్రమాత్రో, మద్యమో మీ అంతట మీరు పుచ్చుకుని వెళ్ళకండి. దానికి మత్తుమందు తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. గర్భం, ఉబ్బసం, వాడుతున్న మందులు – ఏదీ దాచవద్దు.