యాంటీవైరస్ అప్‌డేట్: ముందు ఒక్క కంప్యూటర్‌కే

2024 జూలై 19, శుక్రవారం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వైరస్ దాడేం కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ అప్‌డేట్ అయితే విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైల్‌నే వైరస్ అనుకుంది!

గద్వాల చీరల షాపైనా, వనపర్తి ఆసుపత్రైనా, నాగర్‌కర్నూల్ కాలేజీ ఆఫీసైనా పది సిస్టమ్‌లుంటే ఒకటి పరీక్షకు పెట్టుకోవాలి. బిజినెస్ యాంటీవైరస్‌లలో సాధారణంగా గ్రూపులు చేసుకునే వీలుంటుంది. ఇంజిన్ అప్‌డేట్ ముందు ఆ ఒక్కదానికే వెళ్లాలి. రీస్టార్ట్ చేసి బిల్లింగ్, ప్రింటర్, ఉర్దూ టైపింగ్ నడుస్తున్నాయా చూసి, ఒకట్రెండు రోజులాగి మిగతావాటికి వదలాలి. కౌంటర్ సిస్టమ్ ఆఖరున.

అలాగని అప్‌డేట్లే బంద్ చేస్తే అసలుకే మోసం. రోజూ వచ్చే వైరస్ గుర్తింపు ఫైళ్లకు కొన్ని గంటల తేడా చాలు.