తరగతిని కాదు, చదివే వేగాన్ని చూసి పుస్తకం కొనండి

23.4 శాతం. గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ఇంతే. 2024 'అసర్' (వార్షిక విద్యాస్థితి నివేదిక) సర్వే తేల్చిన లెక్క ఇది. 2022లో ఇది 16.3 శాతమే కాబట్టి కొంత మెరుగుపడ్డాం. అయినా ప్రతి నలుగురిలో ముగ్గురు వెనకబడే ఉన్నారు. ఆ ముగ్గురి చేతికి 'ఎనిమిదేళ్ల వారికి' అని అట్ట మీద రాసి ఉన్న పుస్తకం ఇస్తే, రెండు పేజీలు కూడా తిప్పరు.

చదువు ఎంత వేగంగా సాగాలి?

2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన ప్రాథమిక అక్షరాస్యత పథకం 'నిపుణ్ భారత్' కొన్ని లక్ష్యాలు పెట్టింది. ఒకటో తరగతి పిల్లలు 4-5 తేలిక పదాలున్న వాక్యం చదవాలి. రెండో తరగతిలో నిమిషానికి 45-60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలి.

పుస్తకంలో ఎన్ని పదాలు?

పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ తన కథలను నాలుగు స్థాయిలుగా విడదీసింది. మొదటి స్థాయి కథలో 250 పదాల లోపు, రెండో స్థాయిలో 600 వరకు, మూడో స్థాయిలో 1,500 వరకు ఉంటాయి. అంతకు మించితే నాలుగో స్థాయి.

ఇప్పుడు లెక్క వేయండి. నిమిషానికి 45 పదాలు చదివే పాప 250 పదాల కథను ఐదున్నర నిమిషాల్లో ముగిస్తుంది. 20 పదాలే చదివే పాపకు 600 పదాల కథ ఇస్తే అరగంట పడుతుంది. చివరికొచ్చేసరికి మొదట ఏం జరిగిందో గుర్తుండదు. కథ బాగాలేక కాదు, పాపకు తెలివి లేకా కాదు. పుస్తకం ఒక మెట్టు ఎక్కువైంది, అంతే.

తెలుగులో పదాల లెక్క ఒక్కటే సరిపోదు. 'కోతి చెట్టు ఎక్కింది' మూడు పదాలు, 'కోతి చెట్టెక్కింది' రెండే. కానీ కలిపి రాసిన మాటలు ఇంకా పట్టుబడని పిల్లలకు రెండోదే కష్టం. మొదట్లో పదాలు విడివిడిగా, పెద్ద అక్షరాల్లో, వచ్చిన మాటే మళ్లీ మళ్లీ వచ్చేలా ఉన్న పుస్తకాలు ఎంచుకోండి.

కొనే ముందు ఒక పేజీ చదివించండి. తడబడిన ప్రతి మాటకూ ఒక వేలు మడవమనండి. ఒకటి తేలిక, రెండు మూడు సరిగ్గా సరిపోతుంది, ఐదూ మడిస్తే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అలాంటిది మీరు చదివి వినిపించండి. పిల్లలు చదవగలిగే దానికన్నా విని అర్థం చేసుకోగలిగేది ఎక్కువ.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. 30 మంది ఉన్న తరగతికి ఒకే కథ 30 ప్రతులు తెప్పించకండి, మూడు స్థాయిల్లో పదేసి కథలు తెప్పించండి. డబ్బు లేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. ప్రతి బిడ్డా తనంతట తానుగా చివరి పేజీ దాకా చదవగలిగే పుస్తకం ఒక్కటైనా తరగతి గదిలో ఉండాలి.