డిక్కీ లేని బండికి ఏసీ

ఫోర్డ్ కంపెనీ 1953లో తన యాభయ్యో ఏట ఎఫ్-100 అనే పికప్ ట్రక్కును విడుదల చేసింది. అదే ఏడాది క్రైస్లర్ ఇంపీరియల్, కాడిలాక్, బ్యూక్ లాంటి ఖరీదైన అమెరికన్ కార్లలో ఏసీ వచ్చింది. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు. ఎఫ్-100 క్యాబిన్ మీద ఫోర్డ్ ఇంజనీర్లు ఎంతో శ్రద్ధ పెట్టారు. సీటు వెడల్పు చేశారు, ముందు అద్దాన్ని ఒకే ముక్కగా వంపు తిప్పి పెద్దది చేశారు. దారి బాగా కనిపించింది. ఎండ కూడా అంతే బాగా లోపలికి వచ్చింది. టెక్సస్ ఎండాకాలంలో ఆ బండి తోలేవాడికి దిక్కు ఏమిటంటే తలుపు అద్దాలు దించుకోవడం, మూలనున్న త్రికోణపు అద్దాన్ని తిప్పి గాలిని ముఖం మీదికి మళ్లించుకోవడం. అంతకుమించి ఏమీ లేదు.

ఆ ట్రక్కులకు ఇవాళ అమెరికాలో అభిమానులు చాలామంది. తుప్పు గీకి, రంగు వేసి, ఇంజిన్ బాగుచేసి రోడ్డెక్కించాక చాలామంది కోరుకునేది ఏసీ. వినడానికి చిన్న కోరికే. దాన్ని తీర్చాలంటే మాత్రం బండిలో దాదాపు ప్రతి భాగాన్నీ కదిలించాలి. ఎందుకో అర్థం కావాలంటే కారు ఏసీ ఎలా పెరిగిందో కొంత తెలియాలి.

కారులో ఏసీని కంపెనీయే బిగించి అమ్మడం ప్యాకార్డ్‌తో మొదలైంది. 1939 చివర్లో, 1940 మోడళ్ల కోసం, 274 డాలర్లు అదనంగా తీసుకుని ఇచ్చింది. గాలిని చల్లబరిచే కాయిల్ డిక్కీలో ఉండేది. సామాన్లు పెట్టుకునే చోటులో చాలాభాగం దానికే పోయేది. ఇంజిన్‌తో పాటు తిరిగే కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అదీ తిరగాల్సిందే. ఏసీ పూర్తిగా ఆగిపోవాలంటే కారు ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాలి. చలికాలం వస్తే చేసేది అదే. అంత తంటాలు పడి వాడేవాళ్లు తక్కువ. ఈలోగా యుద్ధం వచ్చి ఆ ప్రయోగానికి తెర పడింది.

1953లో జనరల్ మోటార్స్ కార్లకు వచ్చిన ఏసీ కూడా డిక్కీలోనే కూర్చునేది. వెనక సీటు వెనక నుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాలు పైకప్పు దాకా వెళ్లేవి. చల్లటి గాలి ఆ దారినే వచ్చేది. పికప్‌కు డిక్కీ ఎక్కడిది? సీటు వెనక రేకు గోడ, దాని వెనక సరుకు వేసే తొట్టి. కాబట్టి ఎవరైనా ట్రక్కు డ్రైవరు మీద దయతలచినా ఆ యంత్రాన్ని పెట్టే చోటు లేదు.

దారి చూపింది నాష్. ఫ్రిజ్‌ల కెల్వినేటర్‌తో 1937లో కలిసిన కార్ల కంపెనీ ఇది. 1954 నాష్ అంబాసడర్‌లో కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, హీటరు అన్నిటినీ కుదించి బండి ముందు భాగంలోనే ఇమిడ్చారు. ధర 345 డాలర్లు. ఇవాళ మన కార్లన్నిటిలో ఉన్న అమరిక అదే. నా లెక్కలో కారు ఏసీ చరిత్రలో ప్యాకార్డ్ కంటే నాష్‌దే పెద్ద అడుగు. ప్యాకార్డ్ చేసింది సాధ్యమని చూపించడం. నాష్ చేసింది ఏ బండికైనా సరిపోయేలా మలచడం. అయినా షెవర్లే పికప్‌లకు ఫ్యాక్టరీ నుంచే ఏసీ రావడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. పొలానికి, పనికి వెళ్లే బండి తోలేవాడికి చల్లగాలి అవసరమని కంపెనీలకు అంత ఆలస్యంగా తోచింది.

ఈలోగా ఆ లోటు కొంత తీర్చింది టెక్సస్. ఇప్పుడు మనవాళ్లు వేలాదిగా స్థిరపడ్డ డాలస్ నగరం అప్పట్లో విడిగా కొని బిగించుకునే కారు ఏసీలకు పుట్టిల్లు. డాష్‌బోర్డు కింద వేలాడే డబ్బా, దానికి గుండ్రటి మూతులు. ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లకు తగులుతూ ఉండేది. ఫ్రిజికార్, మార్క్ ఫోర్ లాంటి పేర్లు అక్కడివే. మార్క్ ఫోర్ ఏసీ చేసిన జాన్ ఇ. మిచెల్ కంపెనీ అంతకుముందు పత్తి జిన్నింగ్ యంత్రాలు చేసేది. కాన్సస్‌లో ఓమర్ నెడ్లిక్ అనే దుకాణదారు కారు ఏసీ భాగాలతో ముక్కలుముక్కలుగా గడ్డకట్టిన శీతల పానీయం తీసే యంత్రం తయారుచేస్తే, దాన్ని పెద్దఎత్తున చేసిపెట్టిందీ ఈ కంపెనీయే. ఐసీ అనే ఆ పానీయం ఇప్పటికీ అమెరికా సినిమా హాళ్లలో అమ్ముతున్నారు.

ఏసీ కొనలేనివాళ్లకు ఇంకొకటి ఉండేది. కిటికీకి బయట తగిలించే గొట్టం లాంటి కూలర్. అందులో నీళ్లు పోస్తే, బండి పరుగుకు దూసుకొచ్చే గాలి తడి పీచు గుండా లోపలికి వచ్చేది. అరిజోనా ఎడారిలో బాగా పనిచేసింది, సముద్రం పక్క టెక్సస్‌లో చేతులెత్తేసింది. మే నెలలో మన హైదరాబాదులో హాయినిచ్చే కూలర్ కాకినాడలో ఒళ్లంతా జిడ్డు చేసినట్టే. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, వేడి పోదు.

ఏసీలోనూ జరిగేది ఆవిరి కావడమే. నీటికి బదులు సున్నాకు ఎంతో కింద మరిగే ద్రవాన్ని వాడతారు, ఆవిరైనదాన్ని గాలిలోకి వదిలేయకుండా మళ్లీ పట్టి తెస్తారు. ఆర్-134ఎ అనే గ్యాస్ మామూలు పీడనం దగ్గర సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో దాన్ని వాతావరణ పీడనానికి సుమారు మూడు రెట్ల దగ్గర మరగనిస్తే కాయిల్ సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. క్యాబిన్ గాలి ఆ కాయిల్‌కు తగిలి తన వేడి వదులుకుంటుంది. గాలిలోని తేమ కూడా నీటిబొట్లయి కిందికి కారిపోతుంది. కాకినాడలో కూలర్ చేయలేనిది ఏసీ చేయగలగడానికి కారణం ఇదే.

ఇప్పుడా వేడిని బయట వదలాలి. బయట 40 డిగ్రీలుంటే, గ్యాస్ అంతకంటే వేడిగా ఉంటేనే వేడి బయటికి పోతుంది. అందుకే కంప్రెసర్ దాన్ని వాతావరణ పీడనానికి పదిహేను రెట్ల దాకా నొక్కుతుంది. ఆ పీడనం దగ్గర గ్యాస్ 55 డిగ్రీల వద్దే ద్రవంగా మారుతుంది, బండి ముందున్న కండెన్సర్‌లో తన వేడి వదిలేస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రం దాటి, పీడనం పడిపోయి, మళ్లీ కాయిల్‌లోకి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. కండెన్సర్ బయట పోసేది క్యాబిన్ వేడి ఒక్కటే కాదు, కంప్రెసర్ చేసిన పని కూడా వేడిగా మారి దానికి కలుస్తుంది. పాత ట్రక్కు కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

1953 ఎఫ్-100లో వీ-8 కావాలన్నవాళ్లకు దొరికింది ఫ్లాట్‌హెడ్ ఇంజిన్. అందమైన యంత్రం, అమెరికా కుర్రకారు రేసు బండ్లకు ప్రాణం. కానీ వేడెక్కడంలో పేరుమోసింది. కాలిన పొగ బయటికి పోయే దారి ఇంజిన్ బ్లాకు లోపలి నుంచి, సిలిండర్ల పక్కగా, నీళ్లను వేడిచేసుకుంటూ వెళ్తుంది. దానికి రెండు నీళ్ల పంపులున్నా అంతే. అలాంటి ఇంజిన్ రేడియేటర్ ముందు కండెన్సర్ పెట్టామంటే, రేడియేటర్‌కు ఇక అందేది అప్పటికే కాగిన గాలి. పైగా కంప్రెసర్ ఇంజిన్ నుంచి కొన్ని గుర్రాల శక్తి లాక్కుంటుంది. ట్రాఫిక్‌లో బండి నిలబడితే గాలి పరుగు కూడా ఉండదు. కాబట్టి ఏసీ బిగించేవాడు ముందు చూడాల్సింది రేడియేటర్‌ను. దాన్ని శుభ్రం చేయించాలి, లేదా పెద్దది వేయాలి. ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు వేస్తే గాలి పక్కలకు జారిపోకుండా మొత్తం రేడియేటర్ గుండానే వస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చే పని ఇదొక్కటే.

తర్వాత కరెంటు. ఆ ఏడాది ట్రక్కుది 6 వోల్టుల బ్యాటరీ, దాని పాజిటివ్ తీగ ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. డైనమో ఇచ్చేది 200 వాట్లకు కాస్త అటూఇటూ. కంప్రెసర్ క్లచ్‌లోని అయస్కాంతానికి 12 వోల్టుల దగ్గర నాలుగు ఆంపియర్లు, గాలి ఊదే మోటారుకు పదిహేను దాకా. అంటే డైనమో మొత్తం ఏసీకే చాలదు, హెడ్‌లైట్లు చీకట్లో ఉండిపోతాయి. పైగా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే డైనమో ఇచ్చేది నామమాత్రం. అందుకని 12 వోల్టులకు, ఆల్టర్నేటర్‌కు, నెగటివ్ ఎర్త్‌కు మారాలి. దాంతో బల్బులు, ఇంధనం ముల్లు, స్టార్టర్ తీగలు అన్నీ చూసుకోవాలి. ఫోర్డ్ తానే 1956 మోడళ్లకు 12 వోల్టులకు మారింది. ఆ తర్వాతి బండి ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ.

కంప్రెసర్ సంగతి ఇప్పుడు సులువైంది. 1962లో వచ్చిన జనరల్ మోటార్స్ ఎ-6 పదిహేను కిలోల పైమాటే. అంతకుముందటి యార్క్ కంప్రెసర్ రెండు పిస్టన్లతో ఎత్తుగా నిలబడి ఇంజిన్‌ను అదరగొట్టేది. జపాన్ సాండెన్ కంపెనీది ఏటవాలు పళ్లెం లాంటి పలక ఊగుతూ అయిదు చిన్న పిస్టన్లను నెట్టే కంప్రెసర్. 508 రకానిది ఒక్కో చుట్టుకు 138 ఘన సెంటీమీటర్ల గ్యాస్‌ను తోస్తుంది, బరువు సుమారు సగానికి తగ్గింది, అదురు తక్కువ. పాత బండ్ల ఏసీ కిట్లలో అది ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. ఈ కిట్లనే వ్యాపారంగా మలచిన వింటేజ్ ఎయిర్ కంపెనీని జాక్ చిసెన్‌హాల్ 1976లో పెట్టాడు. అదీ టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో.

ఏ గ్యాస్ వాడాలన్నదానికి వేరే కథ ఉంది. మొదటి కారు ఏసీల్లో వాడింది ఆర్-12. దాన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడు థామస్ మిడ్జ్‌లీ 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో ఆ గ్యాస్ గుండెల నిండా పీల్చి, దాంతోనే కొవ్వొత్తి ఊది ఆర్పేశాడు. విషం కాదు, మండదు అని ఒక్క ఊపిరితో చూపించాడు. అప్పటిదాకా ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి లీకై మనుషుల ప్రాణాలు తీసేవి. అందుకే అది వరంలా కనిపించింది. 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఈ గ్యాస్‌లు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని చెప్పారు. వాటిని తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చిన 1995 ముగిసేసరికి అమెరికాలో ఆర్-12 తయారీ ఆగిపోయింది. దాని స్థానంలోకి వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి వెళ్లదు. కానీ భూమిని వేడెక్కించడంలో కిలోకు కిలో చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. గాలిలోకి వదలకూడని వస్తువు. పాత ఆర్-12 నూనె దీనితో కలవదు, పాత రబ్బరు పైపుల గోడల గుండా ఇది మెల్లగా కారిపోతుంది. ఎప్పుడో బిగించిన పాత ఏసీ ఉంటే దాని పైపులు, సీళ్లు, నూనె, తేమ పీల్చే డ్రయర్ మార్చకుండా కొత్త గ్యాస్ పట్టించడం డబ్బు తగలేయడమే.

అన్నీ బిగించాక చివరి పనికి ఓపిక కావాలి. గేజీలు తగిలించి వాక్యూమ్ పంపు నడుపుతారు. ముల్లు సున్నా దాటి వెనక్కి, ఖాళీ వైపు వాలుతుంది. పైపుల్లో మిగిలిన తేమను తరమడం దీని ఉద్దేశం. పీడనం బాగా తగ్గితే నీరు మామూలు వేడి దగ్గరే మరిగి ఆవిరై పంపులోకి పోతుంది. ముప్పావు గంట అలా నడిపి, వాల్వులు మూసి, పంపు ఆపి ముల్లుకేసి చూస్తూ కూర్చోవాలి. ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. ఒక్క గీత జరిగినా ఎక్కడో ఒక సీలు సరిగా కూర్చోలేదని అర్థం. ఈ పని తొందరపడి సగంలో ఆపేస్తే లోపల మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకడుతుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారుతుంది, కంప్రెసర్‌ను లోపలి నుంచి తినేస్తుంది.

తర్వాత గ్యాస్. కిట్లలో చాలావాటికి 800 గ్రాముల పైచిలుకు, తూకం వేసి ఎక్కించాలి. మెకానిక్‌తో "ఇంకాస్త ఎక్కువ పట్టించు, బాగా చల్లగా ఉంటుంది" అనే అలవాటు మనకూ ఉంది. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి వదిలే చోటు తగ్గుతుంది. పీడనం పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది.

ఇంత చేసినా క్యాబిన్ చల్లబడకపోతే తప్పు ఏసీది కాకపోవచ్చు. పాత ట్రక్కు పైకప్పు ఒట్టి రేకు. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్ వేడి పోస్తుంది. ఇంజిన్ వైపు గోడ వెనక నుంచి కాలుతూ ఉంటుంది. తలుపుల రబ్బర్లు ఎండి పగిలి ఉంటాయి. కాబట్టి నేల, కప్పు, ముందు గోడ లోపలి వైపు వేడి ఆపే పొరలు అతికించాలి, సందులు మూయాలి. నన్నడిగితే ఏసీ కొనే ముందే చేయాల్సిన పని ఇది.

పనిబండి తోలేవాడికి చల్లగాలి మన దగ్గరా ఆలస్యమే. మన దేశంలో సరుకు లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి అయింది 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు. అది 3.5 టన్నులు దాటిన ఎన్-2, ఎన్-3 తరగతుల వాహనాలకే. మదనపల్లె నుంచి టమాటా, ఈతముక్కల నుంచి రొయ్యలు మోసే చిన్న పికప్‌లు ఆ గీతకు ఈవలే ఉండిపోయాయి. యంత్రం ఎప్పుడో తయారుగా ఉంది, చిన్న క్యాబిన్‌లో ఇమిడే పద్ధతి 1954లోనే తెలిసింది. ఆ నిబంధనను పికప్‌లకూ వర్తింపజేయాలి.