కారులో కంప్యూటరు: దాని మాట, దాని జ్ఞాపకం

కారు నడుపుతుండగా మీ ఎదుట డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలుగుతుంది. బండి మాత్రం మామూలుగానే నడుస్తుంటుంది. కొందరు దాన్ని పట్టించుకోరు. మరికొందరు వెంటనే షెడ్డుకు తీసుకువెళతారు. అక్కడ ఒక చిన్న యంత్రాన్ని తగిలించి చూసి, "సెన్సరు పోయిందండీ, మార్చాలి" అంటారు. వేల రూపాయలు పోసి మార్పిస్తారు. వారం తిరక్కుండా ఆ దీపం మళ్లీ వెలుగుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది? మన డబ్బు ఎక్కడ వృథా అవుతోంది? ఈ సంగతి ఈవేళ తెలుసుకుందాం.

పాత అంబాసిడరులోనూ, తొలినాళ్ల మారుతి 800లోనూ గాలినీ పెట్రోలునూ కలిపే పని కార్బురేటరుది. మెకానిక్ స్క్రూ తిప్పుతూ, ఇంజను చప్పుడు చెవితో విని సరిచేసేవాడు. ఇప్పటి కార్లలో ఆ పని ఒక కంప్యూటరు పెట్టె చేస్తుంది. దాన్ని ఇ.సి.యు. అంటారు. గాలి ఎంత వస్తోంది, ఇంజను ఎంత వేడెక్కింది, మీ కాలు పెడలును ఎంత నొక్కింది అన్న వివరాలన్నీ సెన్సర్లు దానికి అందిస్తాయి. ఇంధనం ఎంత చిమ్మాలో అది లెక్కగట్టి చెబుతుంది. ఇలాంటి పెట్టెలు బ్రేకులకు వేరు, ఎయిర్‌బ్యాగులకు వేరు, స్టీరింగుకు వేరు.

ఈ పెట్టె తనకు తోచిన లోపాన్ని ఒక సంకేతంగా రాసి పెట్టుకుంటుంది. అమెరికాలో 1996 మోడలు నుంచి ప్రతి కొత్త కారుకూ ఓ.బి.డి.-2 అనే ఒకే పద్ధతి తప్పనిసరి చేశారు. మన దేశంలో 2013 నుంచి కార్లకు ఈ రెండో దశ నిబంధనలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక ఈ నిఘా మరింత గట్టిపడింది. స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర, 16 పిన్నులున్న ఒక సాకెట్ ఉంటుంది. స్కానరును తగిలించేది అక్కడే.

ఇందులో మనకు ఒక సౌకర్యం ఉంది. మీరు హోసూరులో ఉండవచ్చు, బరంపురంలో ఉండవచ్చు, షోలాపూరులో ఉండవచ్చు. మెకానిక్ తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడవచ్చు. సంకేతం మాత్రం ఎక్కడైనా ఒక్కటే. మొదటి అక్షరం 'పి' అయితే ఇంజను, గేర్ల సంగతి. 'సి' అయితే బ్రేకులు, స్టీరింగు వంటివి. 'బి' అయితే బాడీకి సంబంధించినవి. 'యు' అయితే పెట్టెల మధ్య మాటలు అందడం లేదన్నమాట. పి 0301 అంటే మొదటి సిలిండరులో ఇంధనం సరిగా మండడం లేదని అర్థం. ఆ సంఖ్యను ఒక కాగితం మీద రాయించుకుంటే చాలు, ఏ ఊళ్లోనైనా చూపించవచ్చు.

అయితే సంకేతం చెప్పేది లక్షణాన్ని, రోగాన్ని కాదు. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. జ్వరం చూపించిందని ఎవరూ థర్మామీటరును మార్చరు కదా! కార్ల విషయంలో తరచు జరిగేది సరిగ్గా అదే.

ఉదాహరణకు పి 0171 తీసుకుందాం. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు ఈ పాళ్లు సరిగా ఉన్నాయో లేదో కనిపెడుతుంది. పి 0171 అంటే గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు అని. చాలాచోట్ల వెంటనే ఆ సెన్సరునే మార్చేస్తారు. కాని పాపం అది నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతూ ఉండవచ్చు. పెట్రోలు పంపు బలహీనపడి ఉండవచ్చు.

ఈ రెండింటిలో ఏదో తెలుసుకునే ఉపాయం స్కానరులోనే ఉంది. పెట్రోలు తక్కువైనప్పుడు కంప్యూటరు ఊరుకోదు, కొంత కలిపి చిమ్ముతుంది. ఎంత కలుపుతోందో స్కానరు శాతాల్లో చూపిస్తుంది. దాన్ని ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు. బండి నిలబడి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు 20 శాతం ఉండి, వేగం పెంచగానే మామూలుకు వస్తే, దొంగగాలి మీద అనుమానపడాలి. అలా కాక, బరువు లాగుతున్నప్పుడు పెరుగుతూ పోతే, పంపునూ ఫిల్టరునూ చూడాలి. ఈ పరీక్షకు పట్టేది పది, పదిహేను నిమిషాలు. దానివల్ల మిగిలేది ఒక సెన్సరు ఖరీదు.

ఇక రెండో సంగతి, కంప్యూటరు జ్ఞాపకం. మీ ఇంటి గోడగడియారం పది నిమిషాలు ముందు నడుస్తోందనుకోండి. కొన్నాళ్లకు ఇంట్లో అందరికీ మనసులోనే పది నిమిషాలు తీసివేసుకోవడం అలవాటైపోతుంది. ఒకరోజు ఎవరో మీకు చెప్పకుండా గడియారాన్ని సరిచేశారు. మీరు అలవాటు ప్రకారం పది నిమిషాలు తీసివేశారు. రైలు తప్పిపోయింది! గడియారం బాగుపడింది గాని, అలవాటు మారలేదు.

కారు కంప్యూటరుకూ ఇలాంటి అలవాట్లే ఉంటాయి. గాలి వెళ్లే థ్రాటిల్ దగ్గర మసి పేరుకుంటే, కంప్యూటరు ఆ తలుపును కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. మెకానిక్ మసిని శుభ్రంగా తుడిచేస్తాడు. పాత అలవాటు ప్రకారం తలుపు ఎక్కువే తెరుచుకుంటుంది, ఇంజను అనవసరంగా పరుగెడుతుంది. "బాగుచేయమంటే పాడుచేశాడు" అని మెకానిక్‌ను తిట్టుకుంటాం. నిజానికి పని సగమే అయింది. ఆ అలవాటును తుడిచి కొత్తది నేర్పడం మిగిలిపోయింది. దీన్నే అడాప్టేషన్ అంటారు.

ఇలా నేర్పవలసినవి ఇంకా ఉన్నాయి. చాలా డీజిలు కార్లలో ఒక్కొక్క ఇంజెక్టరు మీదా ఒక సంకేతం ముద్రించి ఉంటుంది. కొత్తది వేసినప్పుడు ఆ సంకేతాన్ని కంప్యూటరులో ఎక్కించాలి. ఏ.ఎం.టి. గేర్ల కార్లలో క్లచ్ మారిస్తే, ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో మళ్లీ నేర్పాలి. లేకపోతే బండి కుదుపులతో కదులుతుంది. స్టీరింగు విప్పి బిగిస్తే, నేరుగా అంటే ఏదో కంప్యూటరుకు మళ్లీ చూపించవలసి రావచ్చు. జారుడు రోడ్డు మీద బండిని అదుపులో ఉంచే వ్యవస్థ దాని మీదే ఆధారపడుతుంది. అక్కడ తేడా వస్తే పోయేది డబ్బు మాత్రమే కాదు.

"ఇంత గొడవ ఎందుకు, బ్యాటరీ వైరు కాసేపు పీకేస్తే సరిపోతుంది" అనే వాళ్లుంటారు. కొన్ని కార్లలో దీపం ఆరిపోతుంది, నిజమే. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. పైగా లోపం వచ్చిన క్షణాన ఇంజను వేగం, వేడి ఎంత ఉన్నాయో కంప్యూటరు రాసిపెట్టుకున్న సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. పాత కారు కొనేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. స్కానరు పెట్టినప్పుడు లోపాలేమీ లేవని వచ్చినా, కంప్యూటరు స్వయంగా చేసుకునే పరీక్షలు చాలావరకు "పూర్తి కాలేదు" అని చూపిస్తే, సంకేతాలను ఈమధ్యనే చెరిపివేసి ఉండవచ్చు. కొన్నాళ్లు నడిపి చూసిన తరువాతే బేరం కుదుర్చుకోవడం మంచిది.

దీపాల తేడా కూడా తెలిసి ఉండాలి. పసుపు దీపం నిలకడగా వెలిగితే త్వరలో చూపించండి. అదే దీపం మిణుకు మిణుకుమంటుంటే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా బండి ఆపండి. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి, అక్కడ మండి దాన్ని కాల్చివేస్తుంది. ఎర్రని నూనెచెంబు బొమ్మ వెలిగితే మాత్రం క్షేమంగా పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపివేయండి.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు మెకానిక్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి. సంకేతం సంఖ్య ఏమిటి? ఈ భాగమే పాడైందని ఏ పరీక్ష వల్ల తేలింది? మార్చిన తరువాత కంప్యూటరుకు నేర్పవలసింది ఏమైనా ఉందా? నేర్పే సాధనం మీ దగ్గర ఉందా? పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, సంతోషంగా జవాబు చెబుతాడు. చెప్పలేనివారి దగ్గర కొత్త సెన్సరు కొనేముందు ఇంకొకరిని అడిగి చూడండి.