బండల దుమ్ము ఎవరి ఊపిరిలోకి?

బేతంచెర్ల బండ ఎరగనివాళ్లు రాష్ట్రంలో తక్కువ. నట్టింట్లో, బడి వరండాలో మన కాళ్ల కింద ఉన్నది అదే. వాన ఎగ్గొట్టిన ఏడు చేలో కూలి దొరక్క గనులకు, పాలిష్ ఫ్యాక్టరీలకు నడిచేవాళ్లలో దళితులున్నారు, దూదేకులవాళ్లున్నారు, తండాల సుగాలీలున్నారు. బండ నునుపు తేలుతుంది. లేచిన దుమ్ము ఎక్కడికి పోతుంది?

సిలికా ఉన్న రాతి దుమ్మును ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దాన్నే సిలికోసిస్ అంటారు. నయంచేసే మందు లేదు. అది ఉన్నవాళ్లకు క్షయ కూడా తేలిగ్గా పట్టుకుంటుంది. రెంటికీ దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం ఒకటే. "ఏం పని చేస్తావమ్మా?" అని అడగని ఆసుపత్రిలో అది ఉత్త టీబీ కింద జమ అవుతుంది. మందులైతే ప్రభుత్వం ఇస్తుంది, సరే. యజమాని బాధ్యత మాత్రం అక్కడితో మాఫీ!

ఇక సుగాలి ఆడకూలీ సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత. ఆ ఒంటితోనే దుమ్ములో నిలబడాలి. ఇంట్లో మాట గోర్ బోలీ, డాక్టరుది తెలుగు. ఎక్కడ నొప్పో చెప్పుకోవడమే కష్టం. ఈఎస్ఐ కావాలంటే ఫ్యాక్టరీలో కనీసం పదిమంది లెక్కలో ఉండాలి. మస్టరులో పేరే ఎక్కనివాళ్లకు ఆ లెక్క ఎక్కడిది? గిరిజన శాఖకు ఆమె తెగ, కార్మిక శాఖకు కూలి, ఆసుపత్రికి దగ్గు. తలా ఒక ముక్క చూస్తారు, మనిషి ఎవరికీ కనబడదు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోకే తీసుకోలేదు. తర్వాత పనులు తగ్గించినప్పుడు "చివర చేరినవాళ్లే ముందు పోవాలి" అంది. పోయింది వాళ్లే. 1976లో కోర్టు ఏమంది? కంపెనీలో ఆడవాళ్లున్నారు (తెల్లవాళ్లు), నల్లవాళ్లున్నారు (మగవాళ్లు), ఇక వివక్ష ఎక్కడ అంది. రెండు దెబ్బలూ ఒకే వీపు మీద పడితే చట్టానికి కనబడదన్న సంగతిని 1989లో నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు కింబర్లే క్రెన్షా ఈ కేసుతోనే ఎత్తిచూపింది.

రాజస్థాన్ గని కార్మికులు ఏళ్లపాటు అడగ్గా అడగ్గా 2019లో అక్కడి ప్రభుత్వం సిలికోసిస్ విధానం తెచ్చింది. జబ్బు తేలితే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి మరో 2 లక్షలు. ఇక్కడ అడగాలన్నా ముందు కాగితం కావాలి. దగ్గుతో ఆసుపత్రికి పోయే ప్రతి కూలీ, "రాతి పని, ఇన్నేళ్లు, ఫలానా ఫ్యాక్టరీ" అని చీటీ మీద రాయించుకోవాలి. తండా నుంచి వచ్చిన అమ్మకు మాట తోడుగా సంఘం మనిషి ఒకరు వెంట పోవాలి.