ఆమె ఒక్కతే, బేరమూ ఆమెదే

సరుకు కోసం ఊళ్లు దాటే మహిళా వ్యాపారులకు దారిపొడవునా తిప్పలే. అయినా ఆ రైలు ఎక్కకపోతే లాభం మరొకరి జేబులో పడుతుంది

చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ దాటి ఖమ్మం చేరకముందే ఫోన్లు మొదలవుతాయి. కుక్కర్‌కు ఎన్ని విజిల్స్ రావాలి? పాలవాడి డబ్బులు ఎక్కడ పెట్టావు? చిన్నదాని యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చావా? కిటికీ పక్కన కూర్చున్న మహిళ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతుంది. ఆమె సంచిలో పులిహోర పొట్లం, ఒక నోటు పుస్తకం, నాలుగు చోట్ల విడివిడిగా దాచిన నగదు ఉంటాయి. ఆమె పుట్టింటికి వెళ్లడం లేదు. తిరుపతికీ కాదు. చీరలు కొనడానికి సూరత్ వెళుతోంది. దాదాపు ఒక రోజు ప్రయాణం.

తెలుగు పట్టణాల్లో ఇంటి ముందు గదినే దుకాణంగా మార్చుకుని చీరలమ్మే మహిళలకు కొదవ లేదు. వారిలో చాలామంది వ్యాపారం విజయవాడ వస్త్రలత, హైదరాబాద్ మదీనా, సికింద్రాబాద్ జనరల్ బజార్లతో మొదలవుతుంది. అక్కడ సరుకు తెచ్చుకోవడం తేలికే. ఉదయం బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ సూరత్ మిల్లు నుంచి ఆ బజారుకు వచ్చేలోపు చీర రెండు మూడు చేతులు మారుతుంది. ప్రతి చేతికీ కాస్త తడి తగులుతుంది. ఆ తడి తనకే మిగలాలనుకున్న మహిళ రైలెక్కక తప్పదు.

దేశంలో మహిళల చేతిలో ఉన్న వ్యాపారాలు తక్కువేమీ కాదు. 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణన ప్రకారం మహిళల యాజమాన్యంలోని సంస్థలు 80 లక్షలకు పైగా ఉన్నాయి. మొత్తం సంస్థల్లో ఇవి దాదాపు 14 శాతం. వీటిలో తమిళనాడు, కేరళల తర్వాతి వాటా ఆంధ్రప్రదేశ్‌దే. 2015లో మొదలైన ముద్ర రుణాల ఖాతాల్లోనూ మూడింట రెండొంతుల దాకా మహిళలవే. అంటే అప్పు పుడుతోంది, దుకాణం తెరుచుకుంటోంది. తేలాల్సిందల్లా సరుకు దగ్గరకు వెళ్లేదెవరన్నదే.

ఆ ప్రశ్న ఎంత పాతదో గోదావరి జిల్లాలో నర్సాపురం చెబుతుంది. అక్కడి లేసు అల్లికలపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. గడప దాటకుండా గంటల తరబడి లేసు అల్లింది ఆడవాళ్లు. దాన్ని ఊళ్లు తిప్పి అమ్మింది, ఎగుమతిదారులుగా ఎదిగింది మగవాళ్లు. అల్లినవాళ్ల పనికి ‘తీరిక వేళల కాలక్షేపం’ అని పేరు. అమ్మినవాళ్ల పనికి వ్యాపారమని పేరు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సూదికీ సంతకూ మధ్య దూరం దాటినవారిదే లాభం అన్న పాఠం మాత్రం మారలేదు.

సేఠ్ ఎక్కడ?

సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లలో మొదటిసారి అడుగుపెట్టిన మహిళకు ఎదురయ్యే తొలి ప్రశ్న ధర గురించి కాదు. తెల్లటి పరుపు మీద కూర్చున్న వ్యాపారి ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, ఆయన వస్తున్నారేమోనని. ఎవరూ రావడం లేదని తేలాక మంచినీళ్లు తెప్పిస్తాడు. రెండో మాటలోనే ఆమెను అక్కనో వదిననో చేసేస్తాడు. ఆ వరసల మర్యాద బాగానే ఉంటుంది గానీ, బిల్లు దగ్గర ఒక్క రూపాయి కూడా తగ్గదు.

అసలు చిక్కు లెక్కల దగ్గర వస్తుంది. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న భాష కుశల ప్రశ్నల వరకూ సాయపడుతుంది. అంకెలు వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ‘ఉన్‌సఠ్’లో అరవై వినిపిస్తుంది కానీ అది 59. ‘ఢాయీ సౌ’ అంటే రెండు వందలనుకుంటే పొరపాటు, 250. ‘పౌనే దో సౌ’ 175. చీరకు యాభై తేడా వస్తే వంద చీరలకు ఐదు వేలు. ఒకసారి దెబ్బతిన్న వ్యాపారి రెండోసారి నోటి మాట నమ్మదు. క్యాలిక్యులేటర్‌ను ముందుకు తోస్తుంది. ఆ యంత్రానికి భాష అక్కర్లేదు, ఎదురుగా ఉన్నది ఆడా మగా అన్న పట్టింపూ లేదు.

ఇక్కడ ఒక్క చీర అమ్మరు. ఒకే డిజైన్‌లో ఆరో ఎనిమిదో రంగులున్న సెట్టు మొత్తం కొనాలి. అందులో ఒక రంగు ఊళ్లో ఎవరూ కట్టరని ఆమెకు చూడగానే తెలుస్తుంది. ఆ రంగు మార్పించుకోవడమే ఆమె అసలైన బేరం. చూపించిన సరుకు, మూటలో కట్టిన సరుకు ఒకటేనా అన్నది మరో బెడద. అందుకే అనుభవమున్నవారు టీ తాగుతూ కూర్చోరు. మూట కుట్టేదాకా పక్కనే నిలబడి చీరలు విప్పి అంచులు చూసుకుంటారు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఇ-వే బిల్లు ఉండాలి. 2018 ఏప్రిల్ నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఇది తప్పనిసరి. కాగితాలు సరిగ్గా లేకుంటే లారీ దారిలోనే ఆగిపోతుంది, పండగ దాటిపోతుంది.

ఒంటరి గది ఖరీదు

మగ వ్యాపారి రాత్రి పదకొండుకు దిగినా ఇబ్బంది పడడు. స్టేషన్ దగ్గర డార్మిటరీలో మంచం తీసుకుంటాడు, లేదా తోటి వ్యాపారితో గది పంచుకుంటాడు. మహిళకు ఆ రెండూ కుదరవు. ఒంటరిగా వచ్చిన మహిళను చూడగానే చిన్న లాడ్జీల్లో చాలా చోట్ల గదులు ఖాళీ లేవంటారు. ఉన్నా, ఎందుకొచ్చారు, ఎవరి కోసం వచ్చారు అంటూ గుచ్చి గుచ్చి అడుగుతారు. అందుకని ఖరీదెక్కువైనా రిసెప్షన్‌లో మనుషులుండే హోటల్, చీకటి పడకముందే చేరే రైలు, తెలిసిన ఆటో చూసుకోవాలి. 200 చీరలు తెచ్చే ప్రయాణంలో ఈ జాగ్రత్తలకు అదనంగా 2,000 రూపాయలు ఖర్చయిందనుకుంటే, ఒక్కో చీర మీద పది రూపాయల భారం. ఏ బడ్జెట్‌లోనూ కనిపించని పన్ను ఇది. కట్టేది ఆడవాళ్లే.

పెద్ద ఉద్యోగాల్లో తిరిగే మహిళల కోసం పెద్ద హోటళ్లు ఎప్పుడో మేల్కొన్నాయి. ఐటీసీ హోటళ్లలో ‘ఈవా’ పేరుతో మహిళలకు ప్రత్యేక గదులు వచ్చాయి. 2017 జనవరిలో ఎయిరిండియా దేశీయ విమానాల్లో ఒంటరి ప్రయాణికురాళ్లకు ఆరు సీట్లు కేటాయించింది. స్లీపర్ క్లాసులో వెళ్లే చీరల వ్యాపారికి ఇవన్నీ ఆకాశంలోని ముచ్చట్లే.

ఆమెకు పనికొచ్చే ఏర్పాట్లు రైలు పట్టాల మీదే ఉన్నాయి. 45 ఏళ్లు నిండిన మహిళలు బెర్తు కోరకపోయినా, ఖాళీ ఉంటే రిజర్వేషన్ యంత్రాంగమే కింది బెర్తు ఇస్తుంది. (కుటుంబంతో వచ్చినవారు ‘కాస్త పైకి వెళ్లండమ్మా, మీరు ఒక్కరే కదా’ అనడం వేరే సంగతి.) రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం ఒంటరి మహిళను టికెట్ లేదని రాత్రిపూట ఏదో ఒక స్టేషన్లో దించేయడానికి వీల్లేదు. వెంట పురుష ప్రయాణికుడు లేనప్పుడు, పగటివేళ, అదీ ఆమె ఎక్కిన స్టేషన్, జంక్షన్, చివరి స్టేషన్ లేదా జిల్లా కేంద్రంలో మాత్రమే దించాలి. ఆపదలో చేయాల్సిన రైల్వే ఫోన్ నంబరు కూడా 139 కావడం గుర్తుపెట్టుకోవడానికి తేలిక. ఒంటరి ప్రయాణికురాళ్లను దారిపొడవునా పలకరించేందుకు రైల్వే రక్షణ దళం 2020లో ‘మేరీ సహేలీ’ని మొదలుపెట్టింది.

చిన్న దూరాల్లో మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. చీరల మూటతో ఊరూరూ తిరిగే మహిళకు మిగిలిన ఆ చార్జీ లాభంలో కలుస్తుంది.

వడ్డించిన విస్తరి

2020 మార్చిలో రైళ్లు ఆగిపోయినప్పుడు చాలామంది వాట్సాప్ ఫొటోలు చూసి సరుకు తెప్పించుకున్నారు. ఇప్పుడు వీడియో కాల్‌లో దుకాణమంతా చూపించేవారున్నారు. అయినా రైలు ప్రయాణాలు ఆగలేదు. ఫోన్‌లో మామిడిపండు రంగు చీర ఇంటికొచ్చాక పసుపు రంగులోకి దిగుతుంది. గుడ్డ మెత్తదనం వేళ్లకే తెలుస్తుంది. అన్నిటికీ మించి, ముఖం తెలిసినవారికే అరువు దొరుకుతుంది. మూడుసార్లు వచ్చి, మూడుసార్లు మాట ప్రకారం డబ్బు కట్టిన మహిళను నాలుగోసారి ఎవరూ సేఠ్ ఎక్కడని అడగరు. కొత్త సరుకు ముందు ఆమెకే విప్పుతారు.

ఇంకో కారణాన్ని ఇంట్లో ఎవరూ బయటకు చెప్పరు. ప్రయాణం బాగుంటుంది. ఆమె జీవితం వడ్డించిన విస్తరి కాకపోవచ్చు. గుజరాతీ భోజనశాలలో మాత్రం అక్షరాలా వడ్డించిన పళ్లెమే. పప్పులో బెల్లం ఏమిటని మొదటి రోజు ముఖం చిట్లించినా, పుల్కాలు పొయ్యి మీద నుంచి వేడివేడిగా పళ్లెంలోకి వస్తుంటే, లేచి వెళ్లి చేయాల్సిన అవసరం లేకుంటే, ఆ తీపి రెండో రోజుకు అలవాటైపోతుంది. తినేసి గిన్నెలు కడగనక్కర్లేదు. రాత్రి గదిలో టీవీ రిమోట్ ఆమె చేతిలోనే ఉంటుంది. ఉదయం టీ ఎవరికీ ఇవ్వకుండా తానొక్కతే తాగొచ్చు.

తిరుగు రైల్లో ఆమె నోటు పుస్తకం తెరిచి లెక్క సరిచూసుకుంటుంది. పక్క బెర్తులోని ఆడవాళ్లు సంచిలోంచి తొంగిచూసే అంచు పట్టుకుని ధర అడుగుతారు. అదృష్టం బాగుంటే ఊరు చేరేలోపే ఒకటో రెండో అమ్ముడవుతాయి. ఈలోగా ఫోన్ మోగుతుంది. ఏ బోగీ, ఎన్నింటికి వస్తావు, స్టేషన్‌కు రావాలా? కుక్కర్ విజిల్స్ సంగతి మాత్రం ఈసారి ఎవరూ అడగరు. ఈ నాలుగు రోజుల్లో వాళ్లే నేర్చుకుని ఉంటారు.