సంగీత కళాశాలలో తొలి యేఁడు



ప్రతి సంవత్సరమును వేసవి సెలవులు ముగియఁగానే కొందఱు బాలురును బాలికలును వయొలిను పెట్టెయో, శ్రుతిపెట్టెయో చంకఁ బెట్టుకొని విశ్వవిద్యాలయ సంగీత శాఖలలోను, సంగీత కళాశాలలలోను క్రొత్తగాఁ జేరుచుందురు. వారి నుద్దేశించి నాలుగు మాటలు చెప్పుటకు నా కీ యవకాశము లభించినది. నేను గాయకుఁడను గాను. ముప్పది యేండ్లకుఁ బైగాఁ బాఠశాలలోఁ దెలుఁగు చెప్పినవాఁడను. నాయొద్ద శబ్దమంజరియు ఛందస్సును జదువుకొన్న పిల్లలలో నైదాఱుగురు తరువాత సంగీతము వైపునకుఁ బోయిరి. వారు సెలవులలో వచ్చి చెప్పుకొన్న కష్టసుఖములు వినఁగా వినఁగా నాకుఁ దోఁచిన మాట లివి. రాగలక్షణములను విద్వాంసులు చెప్పుదురు. తొలి యేఁట విద్యార్థి మనస్సు చెదరునట్టి చోట్లను మాత్రము నేను జెప్పెదను.

మన దేశమున సంగీతము కళాశాల మెట్టెక్కి యెంతో కాలము గాలేదు. విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికిఁ దొలి యధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులుగాఁ బ్రవేశించి, 1936లో నా పదవి నందుకొనిరి. చిదంబరమున అణ్ణామలై చెట్టియారుగారు సంగీత కళాశాలను 1929లో నెలకొల్పిరి. మద్రాసు విశ్వవిద్యాలయమున సంగీతశాఖ 1932లో నేర్పడినది. అంతకు మున్ను శిష్యుఁడు గురువుగారి యింటనే పడియుండెడివాఁడు. నీళ్లు తోడుచున్నను, పూలు కోయుచున్నను గురువుగారి తంబురా వాని చెవిలో మ్రోఁగుచునే యుండెడిది. పాఠము చెప్పిన నాఁడు కొంత, చెప్పని నాఁడు మఱికొంత వానికి విద్య యబ్బుచుండెడిది.

ఇట్లనుటచే గురుకులమును నేను బొగడుచున్నానని తలఁపవలదు. ఏండ్ల తరబడి చాకిరి చేయించుకొని నాలుగు కీర్తనలతోఁ బంపివేసిన గురువులును ఉండిరి. ఆ గడప దాఁటి లోని కడుగిడు నదృష్టము కొన్ని కులములవారికే యుండెడిది. ఆఁడుపిల్లలకు మఱియుఁ దక్కువ. కళాశాల యా తలుపు తెఱచినది. అయిన నొక లోటు మిగిలినది. ఇచట గంట కొట్టఁగానే పాఠము మొదలు, మరల గంట కొట్టఁగానే సమాప్తము. గురువు కంఠము శిష్యుని చెవిలో నుండునది దినమునకు రెండు మూఁడు గంటలు. తక్కిన కాలమంతయు వసతిగృహములోని సందడి. గురుకులమున నూరకే దొరకిన వినికిడిని కళాశాల విద్యార్థి ప్రయత్నపూర్వకముగా సంపాదించుకొనవలయును. సెల్‌ఫోనులో నూఱేండ్ల గానము దొరకుచున్న యీ కాలమున నది యేమి కష్టమని యడుగుదురు గాఁబోలు. పది రాగములు పది నిమిషములలో వినుట వినికిడి గాదు. ఒక్క విద్వాంసుఁడు పాడిన యొక్క తోడి యాలాపనను నెల దినములు విని, కన్నులు మూసికొన్నను దాని నడక మనస్సులో నడచునట్లు చేసికొన్నచో నది వినికిడి.

ఇఁక మొదటి దెబ్బ సంగతి. కళాశాలలోఁ జేరువా రందఱును ఊరిలో నెంతో కొంత పాడుకొన్నవారే. పెండ్లిండ్లలోఁ బాడి మెప్పొందినవారు, పోటీలలో బహుమానములు గైకొన్నవారు. అట్టివారిని గురువు మొదటి దినముననే సరళి వరుసలు మొదలుపెట్టు మనును. నా శిష్యుఁ డొకఁడు మొదటి నెలలోనే యింటికి వచ్చి, ‘పంతులుగారూ, నాకు ముప్పది కీర్తనలు వచ్చును, నన్నుఁ దీసికొనిపోయి సరిగమల యొద్దఁ గూర్చుండఁబెట్టినారు, నే నిఁక వెళ్లను’ అన్నాఁడు. కన్నుల నీళ్లు గూడ నుంచుకొన్నాఁడు. వాని తండ్రి యప్పు చేసి రుసుము గట్టియున్నాఁడు. నే నప్పుడు వానిని సంగీత మేమియు నడుగలేదు. ‘ఒరే, భారతములో నొక పద్యమును నీవు కంఠస్థముగాఁ జదువఁగలవు. దానిలో గణములు విడఁదీయు మనఁగాఁ జేయఁగలవా?’ అని యడిగితిని. చేయఁగల ననెను. ‘అట్లే నీకు వచ్చిన ముప్పదింటిలో నొక్కదానిని సగము వేగముతోఁ బాడి, ఏ యక్షరము మీఁద నే స్వరమున్నదో చెప్పుము’ అంటిని. వాఁడు రెండు గడియలు ప్రయత్నించి లేచిపోయెను. మఱునాఁడు బండి యెక్కెను.

సరళి జంట వరుసలను, అలంకారములను పురందరదాసుగారు క్రమపఱచిరని మన సంప్రదాయము. వానిని మాయామాళవగౌళ రాగమున నేర్పుటకుఁ గారణము గలదు. ఈ రాగమున షడ్జమునుండి మధ్యమము వఱకు నే యంతరములు గలవో, పంచమమునుండి పై షడ్జము వఱకును సరిగా నవియే కలవు. ముందు సగము నేర్చిన గొంతు వెనుక సగమును దానితోఁ బోల్చి సరిచూచుకొనఁగలదు. అంతియ కాదు, ఇందు స్వరములు కొన్ని మిక్కిలి దగ్గఱగాను, కొన్ని మిక్కిలి యెడముగాను నుండును. దగ్గఱవానిని గలిపివేయక, ఎడమువానిని దాఁటునపుడు తడఁబడక నడచుట యిచటనే యలవడును. వానినే మూఁడు కాలములందుఁ బాడించుట లయ కొఱకు. ఒకటవ కాలమున నెమ్మదిగాఁ బాడుటయే యన్నిఁటికంటెఁ గష్టము. వేగములో దోషము దాఁగును, విలంబములో బయటఁబడును. కీర్తనలు వచ్చినవానిని వెనుకకుఁ దెచ్చుట వాని నవమానించుట కాదని విద్యార్థియు, అతని తలిదండ్రులును మొదటి వారముననే తెలిసికొనిన నెన్నో చదువులు నిలుచును.

రెండవది శ్రుతి. తరగతిలోఁ బదుగురు కలసి పాడునపుడు అందఱి కొక్క శ్రుతి పెట్టుట తప్పనిది. అది తరగతికిఁ జెల్లును, సాధనకుఁ జెల్లదు. సాధారణముగాఁ బురుషులకు ఒకటి, ఒకటిన్నర శ్రుతియు, స్త్రీలకు నాలుగున్నర మొదలు అయిదున్నర వఱకును అనుకూలించునందురు గాని, ఎవరి గొంతు వారిదే. మంద్ర పంచమము వినఁబడునట్లును, తార పంచమ మఱవక యందునట్లును ఏ షడ్జము నిలుచునో యదియే తన శ్రుతి. దానిని గురువు నడిగి నిర్ణయించుకొనవలయును. ప్రక్కవానిని జూచి కాదు. ఇప్పుడు తంబురా ధ్వని యంత్రములోను ఫోనులోను దొరకుచున్నది. అది సదుపాయమే. అయినను వారమున కొక్కసారియైనను నిజమైన తంబురా ముందుఁ గూర్చుండి, మంద్ర పంచమము, రెండు సారణులు, మంద్ర షడ్జము ననెడి నాలుగు తీఁగెలను స్వయముగా శ్రుతి చేయవలయును. తీఁగె క్రిందనుండు నూలుపోగు నొక వెండ్రుకవాసి జరుపఁగానే ధ్వని విప్పారుట చూచిన చెవి, యంత్రమిచ్చు శ్రుతిని మాత్రమే వినిన చెవి కంటె నెక్కువ యెఱుఁగును.

కంఠమును గూర్చి యొక హెచ్చరిక. గొంతు బొంగురుపోయినపుడు సాధన యెక్కువ చేసినఁ గుదురుకొనుననుట గొప్ప ప్రమాదము. మిరియాలు, పటికబెల్లము, కరక్కాయ నోట వేసికొని మరల నఱచువారిని నే నెఱుఁగుదును. వాచిన కాలితోఁ బరుగు తీయమన్న నెట్లో యిదియు నట్లే. బొంగురు వచ్చిన నాఁడు వ్రాఁతపని చూచుకొనవలయును, వినవలయును, మంచినీళ్లు త్రాగవలయును. మూఁడు వారములైనను దీఱనిచో గొంతు వైద్యునకుఁ జూపవలయును. మగపిల్లలకు గొంతు మాఱు ప్రాయమునఁ బూర్వపు శ్రుతికై పెనఁగులాడుట తగదు; అది పోయిన శ్రుతి, మరల రాదు. అప్పుడు వాద్యమేదైన నభ్యసించుట మేలు.

ఇఁక నా స్వవిషయమునకు వచ్చెదను. త్యాగరాజస్వామివారు (1767–1847) తమిళదేశమునఁ గావేరీ తీరమునఁ గూర్చుండి తెలుఁగునఁ బాడిరి. సుబ్బరామ దీక్షితులవారు ఎట్టయపురమున 1904లోఁ బ్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుఁగు లిపిలోనే వెలువడినది. గమకములకు వేర్వేఱు గుర్తు లేర్పఱచి వ్రాసిన మహాగ్రంథ మది. పరభాషవా రెందఱో దీనిని జదువుటకై మన యక్షరములు నేర్చిరి. మన పిల్లలకు మాత్రము భాష తమదే గదా యని సాహిత్యముపై నలక్ష్యము. స్వరపఱచిన పుస్తకములో నక్షరములు తాళము ననుసరించి విడివిడిగా నుండును. చూచి పాడువాఁడు తాళపు గీటు వచ్చినచోట మాట తెంచును. ‘రాకుమారా’ యను నాలుగక్షరములు చూడుఁడు. ఒక్కటిగాఁ బలికిన రాజపుత్రుఁడు. ‘రా’ యని యాగిన, కుమారుని రమ్మని పిలుచుట. ‘రాకు’ అని యాగిన, మన్మథుని రావలదని త్రోసివేయుట. పాడువాఁడు ఊపిరి యెక్కడఁ బీల్చునో దానిని బట్టి వచ్చినవాఁడు పోవలసివచ్చుచున్నాఁడు! కావునఁ గీర్తన నేర్చు ముందు సాహిత్యమును వచనమువలె మూఁడు మాఱులు చదివి, పదములు విడఁదీసి, అర్థము వ్రాసికొని, తరువాతఁ దాళమున నెక్కింపవలయును. ఒత్తులు పోఁగొట్టరాదు, హ్రస్వమును స్వరము కొఱకు సాగఁదీయవలసినపుడు దీర్ఘమని భ్రమ గొలుపకుండునట్లు సాగఁదీయుట గూడ నొక విద్యయే.

పాణినీయ శిక్షలోఁ జెడ్డ చదువరుల నాఱుగురను లెక్కించిరి. పాడుచుఁ జదువువాఁడు, తొందరవాఁడు, తల యాడించువాఁడు, వ్రాసినది చూచి చదువువాఁడు, అర్థ మెఱుఁగనివాఁడు, గొంతు లేనివాఁడు. వీరిలో మొదటివానిని విడిచిపెట్టి తక్కిన యైదుగురిని మీరు కచేరీలలోఁ జూచియే యుందురు. సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుఁడు గాయకదోషము లిరువదియైదు చెప్పెను: పండ్లు బిగించి పాడుట, నోరు వికారముగాఁ దెఱచుట, బుగ్గలు సొరకాయవలె నుబ్బించుట, కాకిగొంతు, ముక్కుతోఁ బాడుట, కన్నులు మూయుట మున్నగునవి. పదుమూఁడవ శతాబ్దమునాఁటి యీ పట్టిక నొక యద్దము ముందుఁ బెట్టుకొని సాధన చేసినచో గురువునకు సగము శ్రమ తగ్గును.

శాస్త్రపత్రము విద్యార్థులను భయపెట్టుననుట విందును. భయపడ నేమున్నది? డెబ్బదిరెండు మేళకర్తల సంఖ్యలు కటపయాదిచేఁ బేరులోనే దాఁచిపెట్టియున్నవి. ‘మాయా’ యన్నఁ బవర్గలో మ అయిదవది, యవర్గలో య మొదటిది. త్రిప్పి చదివినఁ బదునైదు. ‘హరి’కాంభోజి యిరువదియెనిమిది, ‘మేచ’కల్యాణి యఱువదియైదు. ఒక సాయంకాలము కూర్చున్న నిది వచ్చును. దీనికై రాత్రులు జాగరము చేసి, ఉదయపు సాధన మానుకొనువారు పరీక్షలో నుత్తీర్ణు లగుదురు గాని, పాడు మనఁగా దిక్కులు చూతురు.

జీవనోపాధి మాట దాఁటవేయఁజాలను. పట్టము పుచ్చుకొన్న వారందఱును గచేరీ విద్వాంసులు గారు. కొందఱు బడులలో సంగీతోపాధ్యాయు లగుదురు, కొందఱు ఇంట పాఠములు చెప్పుకొందురు. ఆకాశవాణి స్వరపరీక్షలో బి, బి-హై, ఏ, టాప్ అను తరగతులు గలవు. వానికిఁ దగిన సాధనము రెండవ యేఁటినుండియే చేసికొనవచ్చును. చలనచిత్రము వైపు పోవుట తక్కువతనమని కొందఱాచార్యులు ముఖము చిట్లింతురు. నా కది తక్కువగాఁ దోఁపదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరమున మధుకరము చేసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి శిక్షలో శాస్త్రీయ సంగీతము నేర్చి, ఆ బలముతోనే యా రంగమున నిలిచిరి.

తలిదండ్రుల కొక మనవి చేసి విరమించెదను. పిల్ల దసరా సెలవులకు రాఁగానే చుట్టములను బిలిచి, ‘ఏమి నేర్చినావు, పాడుము’ అని కూర్చుండఁబెట్టకుఁడు. ఆ పిల్లకు వచ్చినవి యప్పటికి జంట వరుసలు, నాలుగు గీతములు. అవి విని మీ రెదుట నూరకుండినను, చుట్టములు పోయిన తరువాత ‘ఇంతకు ముందే బాగుగాఁ బాడెడిది’ అందురు. ఆ మాట పిల్ల చెవిఁ బడును. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు పెరటిలోనో, మేడమీఁదనో తనంతఁ దాను సరళి పాడుకొనుచుండిన నటు పోకుఁడు. పాలు కాచి, వంటింటిలోనే యుంచుఁడు.